నాలుగొందల డాలర్ల బోల్ట్ రైఫిల్: గొట్టం బంగారం, డబ్బా ప్లాస్టిక్

సంక్రాంతికి ఊరొచ్చిన రెండో రోజు మా మావయ్య అరుగు మీద కూర్చోబెట్టి మొదట అడిగిన మాట "అక్కడ తుపాకీ కొన్నావంట కదరా, ఎంతయ్యింది?" అని. స్కోపుతో (గురి చూసే దుర్బిణీతో) కలిపి నాలుగొందల డాలర్లు అన్నాను. వేళ్ల మీద లెక్కేసుకుని, "అంటే అప్పట్లో పాతికవేలు పైన. పాతికవేలకి తుపాకీయా? మరి పేలుద్దా?" అన్నాడు. పేలుద్ది మావయ్యా, బానే పేలుద్ది, మిగతావే కొంచెం చూసుకోవాలి అన్నాను. ఆ "మిగతావి" ఏంటో ఆయనకి రెండు పూటలు చెప్పాల్సొచ్చింది. డాలస్ నుంచి కూడా మన కుర్రాళ్లు నెలకొకడు ఇదే ప్రశ్న అడుగుతుంటాడు కాబట్టి ఒకసారి రాసి పెట్టేస్తే పోద్దని కూర్చున్నాను. పెద్దదే అవుతుంది, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

ముందు ఒక మాట. ఇదంతా టెక్సాస్‌లో వాడిన తుపాకుల గురించి. ఇక్కడ మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం, దానికి 1991లో చేసిన సవరణ వచ్చాక వేట అనేదే లేదు. పంట పాడు చేస్తుందన్నా అధికారుల అనుమతి లేకుండా అడవి పందిని కొట్టకూడదు. అక్కడి తుపాకీ ఇక్కడికి తెచ్చుకోవడమూ అంత తేలిక కాదు. అయినా మా పొలంలో అసలు శత్రువు ఎలుక. దానికి వెదురు ఎలుకబుట్ట పెట్టే మనిషి చాలు, రైఫిల్ ఎందుకు?

టెక్సాస్‌లో అలా కాదు. అడవి పందులు పొలాల మీద పడి రాత్రికి రాత్రి దున్నేసినట్టు చేస్తాయి, రైతులే పిలిచి కొట్టుకోమంటారు. 2019 సెప్టెంబర్ నుంచి ప్రైవేటు భూమిలో, యజమాని ఒప్పుకుంటే, పందుల కోసం హంటింగ్ లైసెన్సు కూడా అక్కర్లేదు. కానీ హెచ్1బీ మీద ఉన్న మనవాళ్లు ఇది విని ఎగిరి గంతేయకండి. వీసా మీద ఉన్నవాడు తుపాకీ కొనడం, దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. దానికున్న మినహాయింపుల్లో మనలాంటి వాళ్లకి పనికొచ్చేది చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు. అంటే పందికి అక్కర్లేని లైసెన్సు తుపాకీకి కావాలి. టెక్సాస్ లైసెన్సు ఆగస్టు 31తో అయిపోతుంది, రెన్యువల్ మర్చిపోతే సెప్టెంబర్ 1 నుంచి మీ బీరువాలో ఉన్న తుపాకీయే మీకు కేసు. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చేయాలి. నేను ఆన్‌లైన్‌లో చేశాను, మన ఎల్‌ఎల్‌ఆర్ పరీక్ష కన్నా నయం. గ్రీన్ కార్డు వచ్చాక ఈ టెన్షన్ పోయింది.

ఇక సరుకు సంగతి.

నా మొదటి రైఫిల్ .308 (అది పట్టే తూటా రకం పేరు), 2017లో కొన్నాను. కంపెనీ పేరు రాయను. నాకు దొరికిన ఒక్క పీసుని బట్టి కంపెనీ మొత్తాన్ని తిట్టడం ధర్మం కాదు. రెండోది 2020లో తీసుకున్న రూగర్ అమెరికన్ ప్రెడేటర్, 6.5 క్రీడ్‌మూర్. ఈ రెండూ కాక, మాతో వచ్చే పాలకొల్లు తమ్ముడొకడి దగ్గర సావేజ్ యాక్సిస్ ఉంది, అదీ చాలాసార్లు పేల్చాను. మాస్‌బర్గ్ పేట్రియట్ రేంజ్‌లో పక్క బల్ల వాళ్లది ఒకసారి పట్టుకున్నానంతే, దాని మీద తీర్పు చెప్పను.

చవక రైఫిల్ అంటే గొట్టం వంకరగా ఉంటుందని, గుండు ఎటో పోతుందని మనవాళ్లకి ఒక నమ్మకం. అది పాతకాలం మాట. ఇప్పుడు బ్యారెల్ దగ్గరే వీళ్లు అస్సలు పిసినారితనం చూపించట్లేదు. రూగర్ వాళ్లు గొట్టాన్ని సుత్తులతో బయటి నుంచి కొట్టి లోపలి గాడి తయారుచేసే యంత్రాలు పెట్టుకున్నారు, యంత్రం ఒకసారి కొన్నాక వెయ్యి గొట్టాలు తీసినా ఒకటే తీరు. అసలు డబ్బు మిగిలేది ఇంకో చోట. తూటా గొట్టం వెనక కొసనున్న గదిలో కూర్చున్నప్పుడు, దాన్ని లోపలికి తోసి వెనక నుంచి మూసే కడ్డీ, అంటే బోల్ట్, దాని మొహానికీ తూటాకీ మధ్య సందు సరిగ్గా ఉండాలి. ఎక్కువైతే ప్రమాదం, తక్కువైతే బోల్ట్ మూసుకోదు. పాత పద్ధతిలో దీన్ని చేయి తిరిగిన మేస్త్రి ఒక్కో తుపాకీకి కొంచెం కొంచెం గీకుతూ కుదర్చాలి. సావేజ్ వాళ్లు 1958లో 110 అనే మోడల్‌లో దీనికి ఒక నట్టు పెట్టారు. గదిలో గేజు పెట్టి, దానికి తగిలేదాకా బ్యారెల్ బిగించి, నట్టు టైట్ చేస్తే పని అయిపోయింది. సైకిల్ చక్రం కోన్ నట్టు సర్దినట్టే. ఇప్పుడు రూగర్ అమెరికన్‌లో కూడా బ్యారెల్ నట్టే. మేస్త్రి కూలీ మిగిలింది, కచ్చితత్వం పోలేదు. ఈ కిటుకు చెప్పగానే మావయ్య మొహం వెలిగిపోయింది, ఎందుకంటే ఆయన పాత రైస్‌మిల్లు మనిషి, నట్టు భాష ఆయనకి బాగా తెలుసు.

వంద గజాల దగ్గర బల్ల మీద ఇసక సంచి పెట్టి పేలిస్తే నా రూగర్ మూడు గుళ్లనీ అంగుళం లోపల పెడుతుంది, ఒక్కోసారి ముప్పావు. తమ్ముడి యాక్సిస్ అంగుళంబావు. అయితే మూడు గుళ్ల ఫోటో పెట్టి మురిసిపోయేవాళ్లని నమ్మకండి. మూడు గుళ్లు అదృష్టం కొద్దీ ఎవరికైనా పడతాయి. పది పేలిస్తే అదే తుపాకీ అంగుళంన్నర, రెండు దాకా పోతుంది, నాదీ పోయింది. పందికి అది చాలు, చాలా ఎక్కువ కూడా.

మరి డబ్బు ఎక్కడ కోశారంటే, చేతికి తగిలే ప్రతిచోటా. స్టాక్, అంటే చేత్తో పట్టుకుని భుజానికి ఆనించే భాగం, పోత పోసిన ప్లాస్టిక్. అరిచేత్తో ముందు భాగం పట్టుకుని బ్యారెల్ వైపు నొక్కితే వంగుతుంది, కొత్తగా చూసేవాడికి గుండె ఝల్లుమంటుంది. బ్యారెల్ స్టాక్‌కి తగలకుండా గాల్లో ఉండాలి, అప్పుడే వేడెక్కినా గుండు ఒకే చోట పడుతుంది. ఈ మెత్తటి స్టాక్‌కి బైపాడ్ అనే ముందు కాళ్లు తగిలించి బరువేసి ఆనుకుంటే అది వంగి బ్యారెల్‌ని ముద్దెట్టుకుంటుంది, గుండు పక్కకి పోతుంది. కొనేముందు షాపులోనే పరీక్ష చేసుకోవచ్చు. ఒక నోటు తీసి బ్యారెల్ కింద దూర్చి వెనక్కి లాగండి, ఎక్కడా పట్టకుండా గది దాకా రావాలి. నేను డాలరు నోటుతో చేస్తాను. మొన్న అరుగు మీద సరదాకి మావయ్య దగ్గరున్న పాత .315 రైఫిల్‌కి పది రూపాయల నోటుతో చేశాను, రెండంగుళాలు దూరి ఆగిపోయింది. పాత డిజైన్లలో కర్ర గొట్టాన్ని పట్టుకునే ఉంటుంది. "నోటు చింపేస్తావేంట్రా" అని లాక్కున్నాడు.

ట్రిగ్గర్ విషయంలో మాత్రం రోజులు మారాయి. ఈ శతాబ్దం మొదట్లో సావేజ్ వాళ్లు అక్యూట్రిగ్గర్ అని, నడిమధ్య చిన్న బ్లేడుతో, నొక్కే బరువు కొన్నవాడే సర్దుకునే ట్రిగ్గర్ తెచ్చారు. ఆ దెబ్బకి అందరూ దారికొచ్చారు. రూగర్ అమెరికన్‌లోనూ అలాంటి బ్లేడే, మూడు నుంచి ఐదు పౌన్ల మధ్య సర్దుకోవచ్చు. నేను కొనే రోజుల్లో మామూలు యాక్సిస్‌కి సర్దుబాటు ఉండేది కాదు, అది కావాలంటే ఇంకొంచెం పెట్టి యాక్సిస్ 2 తీసుకోవాలి. తేడా పెట్టండి, దండగ కాదు.

ఖరీదు ఎక్కువైతే భయం లేదనుకుంటారేమో, అదీ నిజం కాదు. రెమింగ్టన్ 700 అంటే ఈ చవక రైఫిళ్ల కన్నా మెట్టు పైనున్న సరుకు, తరాలుగా పేరున్నది. 2006 మే నుంచి 2014 ఏప్రిల్ దాకా ఎక్స్‌మార్క్ ప్రో ట్రిగ్గర్‌తో వచ్చినవాటిని, కొన్ని పరిస్థితుల్లో అనుకోకుండా పేలొచ్చని, కంపెనీయే 2014లో వెనక్కి పిలిచింది. అందుకే ఎంత పెట్టి కొన్నా గొట్టం మొహం ఎటు ఉందో చూసుకోవడం మానకూడదు. సేఫ్టీ మీద నమ్మకం దేవుడి మీద నమ్మకం లాంటిది, ఉండొచ్చు గానీ దాన్ని పరీక్షించకూడదు.

ఇక నన్ను ఏడిపించిన భాగం. మ్యాగజైన్.

పేరు రాయనన్న ఆ .308కి ఉన్నది మొత్తం ప్లాస్టిక్ డబ్బా. మావయ్య దాన్ని "తూటాల డబ్బా" అంటాడు, సరైన మాట. పట్టి ఉంచే కొక్కెం కూడా డబ్బాతోపాటు పోసిన ప్లాస్టిక్ నాలుకే. మొదటి ఏడాది బాగానే ఉంది. రెండో చలికాలం, తెల్లారి ఆరింటికి, మైదానం అంతా మంచు పట్టి ఉంది, ఎనభై గజాల్లో నాలుగు పందులు. మొదటి గుండు పేలింది. బోల్ట్ వెనక్కి లాగాను, ఖాళీ గుల్ల ఎగిరింది, ముందుకి తోశాను, ఏ అడ్డూ లేకుండా వెన్నలాగా వెళ్లి మూసుకుంది. నాకు సంతోషం. ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమంది. మళ్లీ లాగి చూస్తే గది ఖాళీ. కిందికి చూస్తే డబ్బా నా బూటు పక్కన గడ్డిలో పడుంది, మూడు తూటాలు అందులోంచి నన్నే చూస్తున్నాయి. దెబ్బ అదురుకి నాలుక అంచు, గోరు కొస అంత ముక్క, విరిగిపోయింది. పందులు ఏమయ్యాయని అడగొద్దు. కంపెనీ వాళ్లకి ఫోటోతో మెయిల్ పెడితే కొత్త డబ్బా ఊరికే పంపించారు గానీ అది వచ్చేసరికి మూడు వారాలు పట్టింది, సీజన్ సగం అయిపోయింది. ఇంకొకటి విడిగా కొందామంటే ముప్పై డాలర్ల పైన. ప్లాస్టిక్ డబ్బాకి!

అందుకే రెండోది తీసుకునేటప్పుడు ముందు డబ్బానే చూశాను. రూగర్ అమెరికన్‌లో కొన్ని మోడళ్లకి వాళ్ల సొంత తిరిగే మ్యాగజైన్ ఉంటుంది, ప్రెడేటర్ లాంటి కొన్నిటికి ఏఐ (అక్యురసీ ఇంటర్నేషనల్ అనే కంపెనీ) తరహా మ్యాగజైన్ పడుతుంది. ఈ రెండో రకం వేరే కంపెనీల వాళ్లు ఇనుముతో కూడా చేస్తారు, ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి. నేను ఇనపది కొన్నాను. అయిదేళ్లలో ఒక్కసారి కూడా ఇరుక్కోలేదు.

మిగతా రెండు గొడవలు మాత్రం పూర్తిగా నా తప్పులే, తుపాకీని అనవసరంగా తిట్టాను. ఒకటి, కొత్తగా కొన్న .308 ఒకరోజు ఉన్నట్టుండి గుళ్లు అరడుగు వెడల్పున చల్లడం మొదలెట్టింది. గొట్టం పోయిందనుకున్నాను, తూటాలు మార్చాను, బ్రష్ పెట్టి గంట సేపు రుద్దాను. చివరికి రేంజ్‌లో ఒక ముసలాయన వచ్చి, మాట్లాడకుండా స్కోప్ పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. ఊగింది. కింద బేస్ స్క్రూలు వదులు. ప్యాకేజీలో స్కోప్ బిగించే వచ్చింది కదా అని నేను ఎప్పుడూ చూడలేదు. రెండోది, ఆ చలిలోనే ఒక తూటా పేలలేదు, ప్రైమర్ (తూటా అడుగున నిప్పు పుట్టించే చిన్న టోపీ) మీద సూది గాటు పైపైన ఉంది. బోల్ట్ విప్పితే లోపల ఫ్యాక్టరీ నుంచి వచ్చిన చిక్కటి గ్రీజు, గడ్డకట్టిన నెయ్యిలాగా స్ప్రింగు చుట్టూ పేరుకుంది. అది ఆ సూదిని ముందుకి పోనివ్వకుండా పట్టి ఆపేసింది. తుపాకీ కొన్న రోజే బోల్ట్ విప్పి తుడిచి, పల్చగా నూనె రాయాలని పుస్తకంలో రాసే ఉంది, చదివితే కదా. స్కోప్ గురించి ఒక్క మాట: రైఫిల్‌తోపాటు పెట్టెలో వచ్చేది పని నేర్చుకోవడానికి పనికొస్తుంది, పొద్దు వాలాక దాంట్లో పంది కూడా నల్లగానే ఉంటుంది, పొద కూడా నల్లగానే ఉంటుంది. విడి రైఫిల్ కొని మిగిలిన డబ్బు స్కోపు మీద పెట్టండి.

దెబ్బ గురించి ఎవరూ ముందు చెప్పరు. చవక రైఫిళ్లు తేలిక, ఆరు ఆరున్నర పౌన్లు, అంటే మూడు కేజీల లోపే. మోయడానికి హాయిగా ఉంటుంది, పేల్చినప్పుడు భుజం చెబుతుంది. .308తో ఇరవై గుళ్లు పేల్చాక నేను కళ్లు మూసుకుని ట్రిగ్గర్ నొక్కుతున్నానని తమ్ముడు కనిపెట్టాడు. 6.5 క్రీడ్‌మూర్‌కి మారడానికి అసలు కారణం అదే, పైకి మాత్రం కచ్చితత్వం అని చెప్పుకుంటాను.

తుప్పు. ఇక్కడ మాత్రం మన కోనసీమ వాళ్లం ఎవరి దగ్గరా నేర్చుకోనక్కర్లేదు. మావయ్య వాళ్లది రాజోలు వైపు, సముద్రం గాలి నేరుగా వస్తుంది, గేటు బోల్టులు రెండేళ్లకి రాలిపోతాయి, ఫ్యాను రెక్కల మీద ఉప్పు చేతికి తగులుతుంది. అలాంటి చోట తాత .315 ఇన్నేళ్లుగా ఎర్రబారకుండా ఉంది. .315 అంటే మన దేశంలో లైసెన్సు మీద దొరికే 8 మిల్లీమీటర్ల రకం. బ్రిటిష్ వాళ్ల కాలంలో .303 సైన్యం తూటా కాబట్టి జనం చేతికి ఇవ్వకూడదని ఈ సైజు వాడుకలోకి వచ్చింది. బెంగాల్లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ దీన్ని పాత లీ ఎన్‌ఫీల్డ్ పద్ధతిలోనే చేస్తూ వచ్చింది. తాత పోయాక వారసత్వంగా మావయ్య పేరుకి మారింది. బోల్ట్ లాగితే చప్పుడు, బరువు, అన్నీ వేరు. అది లాగాక నా రూగర్ బోల్ట్ గుర్తొస్తే ఆటబొమ్మలా అనిపించింది, నిజం చెప్పాలి.

తాత చేసేది చిన్నప్పుడు కళ్లారా చూశాను. పేల్చిన రోజు సాయంత్రం అమ్మమ్మ పొయ్యి మీద నీళ్లు మసలబెట్టేది. బోల్ట్ తీసేసి, గొట్టాన్ని వీధి గుమ్మానికి ఆనించి, కిరసనాయిలు పోసుకునే గరాటు గదివైపు పెట్టి, ఆ వేడినీళ్లు చెంబుతో పోసేవాడు. ఆవిరి పైకి, నల్లటి నీళ్లు కిందికి. గొట్టం చెయ్యి పెట్టలేనంత కాలిపోయేది, దాంతో తడి దానంతట అదే ఆరిపోయేది. తర్వాత గుడ్డ, తర్వాత కుట్టుమిషను నూనె. ఎందుకలా అని అప్పుడు తెలీదు. పాత తూటాల ప్రైమర్లలో ఉండే మందు పేలాక ఒక రకం ఉప్పు మిగులుస్తుంది, అది గాల్లో తేమని లాక్కుని గొట్టాన్ని తినేస్తుంది. ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలోనే కరుగుతుంది. తాతకి కెమిస్ట్రీ రాదు, పద్ధతి వచ్చు. ఇప్పుడు అమెరికాలో షాపుల్లో దొరికే కొత్త తూటాలకి ఈ బెడద లేదు గానీ మిలిటరీ మిగులు సరుకు చవకగా వస్తుందని కొనేవాళ్లకి ఈ వేడినీళ్ల వైద్యం తప్పదు.

ఇంత జాగ్రత్తలోనూ ఒక మరక ఉంది. 2024 ఎన్నికలప్పుడు కోడ్ రాగానే లైసెన్సున్న తుపాకీలన్నీ అప్పజెప్పమన్నారు. మావయ్య కూడా ఇచ్చాడు, కాన్వాసు సంచిలో పెట్టి. నెలల తర్వాత తిరిగొచ్చేసరికి సంచి అతుకు పడిన చోట, గొట్టం మీద, జొన్నగింజ అంత ఎర్రమచ్చలు నాలుగు. సంచి తేమని పీల్చి అక్కడే పట్టుకుంది. ఇచ్చిన చోటుని ఏం అంటాం, సంచిలో పెట్టి ఇచ్చింది మనమే. నేను రాసేది చదివేవాళ్లలో గల్ఫ్ తీరం దగ్గర, హ్యూస్టన్ కింద ఉండేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. ఫోమ్ పెట్టెలోనో గుడ్డ కవర్లోనో రైఫిల్‌ని నెలల తరబడి పెట్టకండి, అక్కడి గాలికీ మన అంతర్వేది గాలికీ పెద్ద తేడా లేదు. చవక రైఫిళ్లకి పైన వేసే నలుపు పల్చగా, మెరుపు లేకుండా ఉంటుంది, నూనె పూయడం ఆపితే వానాకాలంలో వారం చాలు. యాభై అరవై డాలర్లు ఎక్కువైనా స్టెయిన్‌లెస్ గానీ, పూత వేసింది గానీ తీసుకోండి. కొబ్బరినూనె మాత్రం వద్దు. మన ఇంట్లో దండిగా ఉంటుందని నేనొకసారి అక్కడ రాశాను, చలికి గడ్డకట్టింది, తర్వాత బంకలా తయారైంది. మావయ్య అరగంట నవ్వాడు.

కాబట్టి లెక్క అడిగితే ఇలా చెబుతాను. మొదటి రైఫిల్, పందుల కోసం, ఏడాదికి వంద గుళ్లు పేల్చేవాడికి: రూగర్ అమెరికన్, ఇనప మ్యాగజైన్ పట్టే మోడల్. డబ్బు మరీ గట్టిగా లెక్క చూసుకోవాలంటే అక్యూట్రిగ్గర్ ఉన్న యాక్సిస్. ఇంకో మూడు నాలుగొందలు ఎక్కువ పెట్టగలిగితే ఫిన్లాండ్ టిక్కా ఒకసారి చేతిలోకి తీసుకుని బోల్ట్ లాగి చూడండి. నేను చూశాను, చూడకుండా ఉండాల్సింది, అప్పట్నుంచి మనసు అక్కడే ఉంది.

మావయ్య అంతా విని, నా ఫోన్లో రూగర్ ఫోటో పెద్దది చేసి చాలాసేపు చూశాడు. "బావుంది గానీ, కర్ర లేదు" అన్నాడు. తర్వాత .315ని పాత లుంగీ గుడ్డతో ఇంకోసారి తుడిచి బీరువాలో పెట్టి తాళం వేసి, "తుపాకీ ఎలాగూ తేలేవు, ఆ తుప్పు పట్టని నూనె చిన్న సీసా ఏదైనా ఉంటే మళ్లీ వచ్చేటప్పుడు అడిగి తే" అన్నాడు. విమానంలో అది కూడా రానిస్తారో లేదో మావయ్యా అంటే, "మరి ఏం ప్రయోజనం రా అమెరికా" అని భోజనానికి లేచాడు.